స్పేరు యాక్సిలుకు నేను పూసిన ఎర్రరంగు

హిందూపురం ఐటీఐలో పాఠాలు చెప్పే ఒక సారు పోయిన నెల మా ఇంటికి వచ్చి, "మా పిల్లోళ్ళకు పనికొచ్చేటట్ల నాలుగు పేజీలు రాసియ్యి ఆంజినప్పా" అని అడిగాడు. నలభై ఏళ్ళు లారీల కింద వెల్లకిలా పడుకున్నవాణ్ణి కూర్చోబెట్టి రాయమంటే ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు. మొదటి రెండు రోజులు పెన్ను పట్టుకుని ఫ్యాను వైపు చూశాను. మూడో రోజు మా ఆవిడ, "కూసుంటే నీకు రాదు గానీ, మంచం కింద దూరి రాయి, అప్పుడన్నా వస్తాదేమో" అంది. ఆమె మాట సగం విన్నాను. మంచం మీద పడుకుని రాస్తున్నాను.

నా సర్టిఫికెట్ల గురించి, నాకు కప్పిన శాలువాల గురించి రాయను. ఉన్నవే తక్కువ. ఇంజను గురించి కూడా రాయను, అది చెప్పేవాళ్ళు మీకు చాలామంది దొరుకుతారు. నేను రాసేది ఒక ఇనుప కడ్డీ గురించి. లారీ వెనక యాక్సిల్ షాఫ్టు, అందులోనూ స్పేరుగా దాచిపెట్టేది. నా చేతుల మీదుగా ఎన్నో బండ్లు పోయాయి. అవన్నీ నేర్పింది ఒక ఎత్తు, ఆ ఒక్క షాఫ్టు నేర్పింది ఒక ఎత్తు. దాని విషయంలో నేను చేసిన తెలివితక్కువ పనివల్ల పెనుకొండ అవతలి గుట్టల్లో సిద్దమ్మ అనే ఆమె గొర్రెల మందకు ప్రాణం మీదికి వచ్చింది. ఆ కథ చెప్పడానికే ఈ తంటా అంతా. కాకపోతే నేరుగా అక్కడికి దూకితే మీకు సగం అర్థం కాదు కాబట్టి, ముందు కడ్డీ సంగతి వినండి.

ఒకటి అలిగితే రెండూ పస్తే

లారీకి ఇంజను ముందు ఉంటుంది, తోసే చక్రాలు వెనక ఉంటాయి. ఇంజను బలం ఒక పొడవాటి గొట్టం గుండా వెనక్కి వచ్చి, రెండు వెనక చక్రాల నడుమ గుమ్మడికాయలాగా ఉబ్బిన డబ్బాలోకి చేరుతుంది. ఆ డబ్బాలోని పళ్ళ చక్రాలు బలాన్ని కుడికీ ఎడమకూ పంచుతాయి. పంచిన బలాన్ని చక్రం దాకా మోసుకుపోయే కడ్డీలే యాక్సిల్ షాఫ్టులు. కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. కడ్డీకి ఒక కొసన నిలువుగా గాళ్ళు తీసిన పళ్ళుంటాయి, అవి డబ్బాలోపల దూరతాయి. ఇంకో కొసన పళ్ళెంలాంటిది ఉంటుంది, దాన్ని చక్రానికి నట్లతో బిగిస్తారు. నట్లు ఊడదీస్తే చక్రం అలాగే ఉండగా కడ్డీ ఒక్కటే బయటికి వస్తుంది. లారీలో నాకు ఇంతకన్నా నచ్చిన ఏర్పాటు లేదు.

ఒకటి విరిగినా రెండోది ఉంది కదా అని కొత్తవాళ్ళు అడుగుతారు. అలా కుదరదు. డబ్బాలోని పంపకం ఎలాంటిదంటే, ఎటు ఎదురు లేకపోతే బలమంతా అటే పారిపోతుంది. విరిగిన వైపు ఊరికే గిరగిరా తిరుగుతుంది, బాగున్న చక్రం మాత్రం కదలదు. ఇంజను అరుస్తుంది, బండి నిలబడుతుంది. ఇంట్లో ఒకరు అలిగితే ఇద్దరికీ పస్తే అన్నట్టు ఉంటుంది వ్యవహారం.

తారు రోడ్డు మీద తిరిగే లారీకి ఈ గండం ఎప్పుడో గానీ రాదు. గుట్టలెక్కే బండికి అలా కాదు. ఒక చక్రం గాల్లో తిరుగుతూ తిరుగుతూ టక్కున ఒక బండరాయిని పట్టుకుంటుంది. ఆ దెబ్బంతా కడ్డీ మీదే పడుతుంది. అందుకే గుట్టలకు పోయేవాళ్ళకు నేనొకటే చెప్పేవాణ్ణి. స్పేరు టైరు మరిచిపోయినా ఫరవాలేదు, పంచరు వేసేవాడు ఏ పల్లెలోనైనా దొరుకుతాడు. స్పేరు షాఫ్టు మాత్రం ఇంట్లో పెట్టి పోవద్దు.

కాదర్ సాబు టీ

నేను పని నేర్చుకున్నది ధర్మవరంలో, కాదర్ సాబు షెడ్డులో. ఆయనకు కోపం వస్తే అరవడు, టీ తెప్పిస్తాడు. "రాబ్బా, కూసో, టీ తాగు" అన్నాడంటే ఎవరో ఏదో పాడు చేశారని అర్థం. షెడ్డులో అందరికన్నా ఎక్కువ టీ తాగింది నేనే.

అందులో ఒక టీ ఈ షాఫ్టు గురించే. ఒక చింతపండు లారీకి కుడి షాఫ్టు విరిగింది. షెడ్డు వెనక అదే రకం పాత లారీ ఒకటి పడి ఉంటే, దాని ఎడమ షాఫ్టు తీసి దీని కుడికి వేశాను. పొడవు ఒకటే, పళ్ళు ఒకటే, చక్కగా దూరింది. లారీ ఊరంతా రెండు చుట్లు తిరిగింది. నేను కాలరెగరేశాను. మూడో రోజు పెనుకొండ ఎత్తు ఎక్కుతూ ఆ షాఫ్టు మెలి తిరిగి, చెరుకుగడ విరిచినట్టు విరిగింది. లారీని తాళ్ళతో కట్టి తెచ్చేసరికి నా టీ బల్ల మీద ఉంది.

"ఏమబ్బా, తువ్వాలు పిండేటప్పుడు ఎటు తిప్పుతావు?" అని అడిగాడు కాదర్ సాబు.

"కుడికి సాబూ."

"పదేండ్లు కుడికి పిండినదాన్ని ఒగదినం ఎడమకు పిండితే ఏమైతాది?"

"తువ్వాలుకు ఏమైతాది సాబూ? ఏమీ కాదు."

"తువ్వాలుకు కాదులే. ఇనుముకు అయితాది. అది ఒగపక్క మెలిపడే దానికి అలవాటు పడుంటాది. నువ్వు దాన్ని తిరగేస్తివి. అలవాటు తప్పినంక ఇనుమైనా మనిషైనా ఒగటే."

విషయం ఏమిటంటే, బండి ముందుకు పోయేటప్పుడు ఎడమ కడ్డీ ఒకవైపు మెలిపడితే కుడి కడ్డీ దానికి ఎదురువైపు మెలిపడుతుంది. వాడిన షాఫ్టును పక్క మార్చి వేస్తే, ఏళ్ళ తరబడి పడిన మెలికను విప్పి మళ్ళీ వెనక్కి మెలిపెట్టినట్టు. దూరినంత మాత్రాన సరిపోయిందనుకోకూడదని నాకు అప్పుడే తెలిసింది. కాదర్ సాబు ఆ రోజునుంచి నాతో రెండు పనులు చేయించాడు. ఒకటి, ప్రతి షాఫ్టు పళ్ళెం మీద ఉలితో గాటు పెట్టడం. ఎడమకైతే ఒకటి, కుడికైతే రెండు. సుద్దముక్కతో రాయొద్దు, బుర్రలో గుర్తుపెట్టుకోవద్దు. రెండోది, షాఫ్టు వేసేముందు కొస నుంచి కొస దాకా తెల్లరంగుతో సన్నగా నిటారు గీత గీయడం. ఏడాదికి ఒకసారి షాఫ్టు బయటికి లాగి చూస్తే ఆ గీత నిటారుగా ఉండాలి. మెలి తిరిగి ఉంటే కడ్డీ లోలోపల అలసిపోయిందని లెక్క. పక్క వీధిలో మగ్గం నేసే ఒకాయన టీకి వచ్చినప్పుడు ఆ గీతలు చూసి, "అంచు వంకరపోయింది సాబూ, ఈ చీర ఎవురూ కొనరు" అనేవాడు.

కాదర్ సాబు దేవుడేమీ కాదు. ఎవరినీ మెచ్చుకునేవాడు కాదు. బిగింపు కొలిచే కొత్త స్పానాలు వస్తే వాటిని గోడకు తగిలించి, చేతి అంచనాతోనే నట్లు బిగించేవాడు. ఆ అంచనా తప్పి రెండుసార్లు స్టడ్లు తెగాయి. ఆ రెండు రోజులూ టీ తెప్పించుకోలేదు, ఇంటికి పోయి పడుకున్నాడు. ఆయన మంచిని తీసుకోండి, గోడకు తగిలించిన స్పానాను దించి వాడుకోండి.

అతుకు గురించి ఒక మాట

నేను హిందూపురంలో సొంతంగా షెడ్డు వేసిన కొత్తలో ఒక క్వారీ మేనేజరు విరిగిన షాఫ్టు రెండు ముక్కలూ పట్టుకొచ్చి, "వెల్డింగు కొట్టియ్యప్పా, పని ఆగిపోయిండాది" అని ప్రాణం తీశాడు. కుదరదని చెప్పాను. పొద్దునంతా షెడ్డు ముందే కూర్చున్నాడు. ఆఖరికి మొహమాటపడి అతికాను. ఆ అతుకుతో వాళ్ళ టిప్పరు నా షెడ్డు గేటు దాటలేదు. గేటుకు అడ్డంగా నిలబడి, సాయంత్రం దాకా ఇంకో బండిని లోపలికి రానివ్వలేదు. మేనేజరేమో వెల్డింగు రాడ్డు నాసిరకమన్నాడు.

యాక్సిల్ షాఫ్టును అతకకండి. కాళ్ళు పట్టుకున్నా అతకకండి. అంతకన్నా ఈ విషయంలో చెప్పేదేమీ లేదు.

ఏనుగుకు స్పేరు

ఇక అసలు కథకు వస్తాను. ఓబులేసుది బుక్కపట్నం దగ్గర పల్లె. మిలిటరీవాళ్ళు వేలం వేసిన పాత ట్రక్కు ఒకటి కొని, దాని మీద నీళ్ళ ట్యాంకు కూర్చోబెట్టాడు. ముందు చక్రాలు కూడా లాగే బండి అది. ముక్కు పొడుగ్గా ఉంటుందని దానికి ఏనుగు అని పేరు పెట్టాడు. ఎండాకాలం గుట్టల్లో మందలు వేసుకుని ఉండే గొర్రెలవాళ్ళకు నీళ్ళు తోలడం అతని పని. ట్రాక్టర్లు పోలేని దారిలో ఏనుగు పోతుంది.

ఆ రకం బండికి కొత్త షాఫ్టులు రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఓబులేసు బెంగళూరు గుజరీలో, పాత సామాన్ల బజారులో, వెతికి వెతికి ఎడమపక్క షాఫ్టు ఒకటి పట్టుకొచ్చాడు. గుట్ట దారి ఎడమకు వాలి ఉంటుంది, బరువంతా ఎప్పుడూ ఆ పక్కే, విరిగితే ఎడమదే విరుగుతుంది. "అన్నా, దీన్ని సిద్ధం చేసిపెట్టు. ఆడ విరిగితే నాకు దిక్కుండదు" అని నా ముందు పెట్టాడు.

పాత షాఫ్టును స్పేరుగా ఎలా తయారుచేయాలో ఇక్కడ వివరంగా చెబుతాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. మొదట దాన్ని తాడుకు వేలాడదీసి సుత్తితో చిన్నగా కొట్టాను. ఖంగుమని మోగి, మోత కాసేపు నిలవాలి. చప్పగా డబ్బుమంటే లోపల పగులున్నట్టే. ఇది బాగా మోగింది. ఆ తర్వాత కిరోసిన్ పూసి, కాసేపు ఆగి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, మా ఆవిడ ముగ్గుపిండి చల్లాను. సన్నపగులు ఉంటే అందులో దాగిన కిరోసిన్ బయటికి ఊరి, పిండి మీద తడిగీత పడుతుంది. పళ్ళు మొదలయ్యే చోట, పళ్ళెం మెడ దగ్గర భూతద్దం పెట్టి చూశాను. గీత పడలేదు. ముగ్గుపిండి డబ్బాలో కిరోసిన్ వాసన వస్తోందని ఇంట్లో గొడవ మాత్రం పడింది.

తర్వాత రెండు రైలు పట్టా ముక్కల మీద దొర్లించి వంకర లేదని చూసుకున్నాను. పళ్ళకు అక్కడక్కడ లేచిన గరుకును సన్న ఆకురాయితో తీశాను. తెల్లగీత గీశాను, ఉలితో ఒక గాటు పెట్టాను. అంతటితో ఆగలేదు. ఏనుగును షెడ్డుకు రప్పించి, దాని ఎడమ షాఫ్టు పీకి, దీన్ని వేసి, ట్యాంకు నిండా నీళ్ళతో ఊరిబయట గుంతల్లో తిప్పించాను. బండికి ఒకసారి వేసి చూడని స్పేరు స్పేరు కాదు, బరువు. మళ్ళీ దాన్ని బయటికి తీసి, గ్రీజు పట్టించి, గోనెపట్టాలో చుట్టి, కావలసిన నట్లూ వాషర్లూ గాస్కెట్టూ ఒక సంచిలో వేసి దానికే కట్టాను. ఇంతవరకు చేసిన పనికి ఈ రోజుకీ నేను వంక పెట్టలేను. కాదర్ సాబు చూసి ఉంటే మెచ్చుకునేవాడు కాదు గానీ టీ కూడా తెప్పించేవాడు కాదు.

ఆ వారంలోనే ఆయుధపూజ వచ్చింది.

మా షెడ్లలో ఆయుధపూజ అంటే ఎలా ఉంటుందో ఈ ప్రాంతం పిల్లలకు చెప్పక్కరలేదు. స్పానాలన్నీ కడిగి వరుసగా పేర్చి బొట్లు పెడతాం. జాకీకి దండ వేస్తాం. ఆ రోజు ఓబులేసు ఏనుగును కడిగి అరటిపిలకలు కట్టి తెచ్చాడు. అన్నిటికీ అలంకారం ఉంది, స్పేరు షాఫ్టు మాత్రం గోనెలో చుట్టుకుని మూల నిలబడి ఉంది. నాకు మనసొప్పలేదు. నేను ఇష్టంగా చేసిన పని అది. గోనె విప్పాను. గ్రీజు మీద పసుపు నిలవదు కాబట్టి గ్రీజంతా తుడిచాను. గేటుకు వేయగా మిగిలిన ఎర్ర ఎనామిలు సగం డబ్బా ఉంది. షాఫ్టుకు పళ్ళెం నుంచి పళ్ళ చివర దాకా, గాళ్ళలో కుంచె దూర్చి మరీ, ఒకటి ఆరాక ఇంకొకటిగా రెండు చేతుల రంగు పూశాను. ఎరుపు మీద పసుపు పట్టీలు తీర్చాను. గాటూ మాసిపోయింది, గీతా మాసిపోయింది. వచ్చినవాళ్ళంతా ఆహా అన్నారు. ఓబులేసు సెల్లులో ఫోటో తీసుకున్నాడు. రెండు రోజులు ఆరనిచ్చి మళ్ళీ గోనెలో చుట్టి, ట్యాంకు కింద వేలాడదీసి కట్టాను.

పళ్ళ గాళ్ళలో రంగు పడితే షాఫ్టు దూరదని నాకు తెలియదా? వేరేవాళ్ళెవరైనా ఆ పని చేసి ఉంటే కూర్చోబెట్టి పాఠం చెప్పేవాణ్ణి. పండగ సంబరంలో, పదిమంది మెచ్చుకుంటుంటే, నా చేతికి నా తల అడ్డం రాలేదు.

అర్ధగంట

తర్వాతి ఎండాకాలం గట్టిగా వచ్చింది. బుక్కపట్నం చెరువు అడుగు పగుళ్ళిచ్చింది. సిద్దమ్మ, ఆమె మరుదులు రెండు వందలకు పైగా గొర్రెలతో గుట్ట మీద మంద వేసుకున్నారు. మేతకు తుమ్మకాయలూ ఆకులూ అక్కడే ఉన్నాయి, నీళ్ళు మాత్రం ఓబులేసు తేవాలి. రోజు విడిచి రోజు అతని వంతు. ఒక వంతు కరెంటు లేక మోటరు ఆడలేదు, ట్యాంకు నిండలేదు. మరుసటి వంతుకు తెల్లవారకముందే నింపుకుని బయలుదేరాడు. గుట్ట కింద ఇసుక వాగు దాటుతూ ఉండగా ఎడమ షాఫ్టు విరిగింది. ముందు చక్రాలతో లాగి చూశాడు, అన్ని నీళ్ళ బరువుతో అవి ఇసుకలో గుంతలు తవ్వుకున్నాయి.

ఆరు గంటలకు నాకు ఫోను. బండి కిక్కు కొట్టి, పెనుకొండ మీదుగా, ఎనిమిది కాకముందే వాగులో ఉన్నాను. అప్పటికే గుట్ట దిగి వచ్చి, ఏనుగు పక్కన ఒక ఆడమనిషి నిలబడి ఉంది. యాభై దాటి ఉంటాయి, మగవాళ్ళ తలపాగాలాగా తువ్వాలు చుట్టుకుంది. ఆమే సిద్దమ్మ.

"నువ్వేనాప్పా మేస్త్రివి?" అంది. "మూడు దినాలాయె మావి నీళ్ళ మొగం చూసి. ఈ చల్లపూట అయితే ఎట్లో తట్టుకుంటాయి. పొద్దెక్కితే గొర్రె అడుగు తీసి అడుగు ఎయ్యదు. యంతసేపు పడతాది?"

నేను విరిగిన సగాన్ని అప్పటికే బయటికి లాగాను. డబ్బాలో మిగిలిన ముక్కను పాత స్పీకరు అయస్కాంతం కట్టిన కమ్మీతో పది నిమిషాల్లో పట్టుకున్నాను. చేయి మంచి ఊపులో ఉంది. స్పేరు చేతికి అందేటట్టే ఉంది, అది ఒకసారి వేసి చూసిందే.

"అర్ధగంటమ్మా. నువ్వు పైకి పో, నీ వెనకాలే వస్తాం" అన్నాను.

ఆమె ఒకసారి పొద్దు వైపు చూసి, "సరేప్పా, నీ మాటే" అని గుట్ట ఎక్కింది.

ఓబులేసు గోనె విప్పాడు. ఎర్రగా, నిగనిగలాడుతూ, పెళ్ళికూతురిలాగా బయటికి వచ్చింది షాఫ్టు. "యంత బాగుండాదో సూడన్నా" అన్నాడు పాపం. ఇద్దరం ఎత్తి లోపలికి తోశాం. పళ్ళు డబ్బాలో తగిలి ఆగిపోయాయి. తిప్పి తోశాం. ఆగిపోయాయి. బయటికి లాగి చూస్తే పళ్ళ చివర ఎర్రరంగు చిట్లి ఉంది. నా ఒంట్లో నీళ్ళన్నీ అప్పుడే ఇంకిపోయాయి.

సుత్తితో కొట్టి దూర్చితే లోపలి పళ్ళ చక్రం చిట్లుతుంది. మంటపెట్టి రంగు కాలిస్తే ఇనుము పదును పోతుంది, మళ్ళీ విరుగుతుంది. రంగు కరిగించే తిన్నరు పెనుకొండలో దొరుకుతుంది, పోయి రావడానికి గంటన్నర. "తెచ్చేదా అన్నా?" అని ఓబులేసు అడిగాడు. "గంటన్నర ఎందుకబ్బా, అర్ధగంటలో గీకేస్తాం" అన్నాను. హాక్సా బ్లేడు రెండు ముక్కలు విరిచి, అతను కొన్ని గాళ్ళు, నేను కొన్ని గాళ్ళు గీకడం మొదలుపెట్టాం. ఎనామిలు రంగు ఎంత మంచిదో ఆ రోజు తెలిసింది. రెండు చేతులు వేశాను కదా, గీకినచోటే మళ్ళీ గీకాలి.

తొమ్మిది దాటినాక సిద్దమ్మ ఫోను చేసింది. "యాడున్నారప్పా?" "అయిపోవచ్చిందమ్మా, ఇంకో అర్ధగంట." పదిన్నరకు మళ్ళీ చేసింది. ఆసారి ఆమె గొంతులో తేడా ఉంది. నేను మాత్రం అదే మాట చెప్పాను. అబద్ధం చెబుతున్నానని కూడా అనుకోలేదు. చెప్పిన ప్రతిసారీ నేనూ నమ్మాను. రంగు సంగతి చెప్పాలంటే సిగ్గు, పైటాల దాకా, మధ్యాహ్నం దాటేదాకా, పడుతుందని చెప్పాలంటే ఇంకా సిగ్గు. అర్ధగంట అనే మాట నోటికి సులువుగా వచ్చింది.

పదకొండుకు ఓబులేసు బ్లేడు కింద పడేసి, "అన్నా, గొర్రెపిల్లలకన్నా పట్టుకపోతాండా" అని రెండు క్యాన్లలో నీళ్ళు పట్టి, భుజాన కావడి వేసుకుని గుట్ట ఎక్కాడు. నేనొక్కణ్ణే గీకాను. చేతులు ఎర్రబడ్డాయి, రంగేదో నెత్తురేదో తెలియలేదు.

ఒంటిగంట దాటాక షాఫ్టు దూరింది. ఒక్క తోపుకు, సుఖంగా, అసలు ఏ గొడవా జరగనట్టు దూరింది. అప్పటికి ఓబులేసు దిగివచ్చాడు. నట్లు బిగించి, ఏనుగును వాగు దాటించి, గుట్ట ఎక్కించాం.

గుట్ట మీద

పైన గొర్రెలన్నీ ఒక్క ముద్దలాగా నిలబడి ఉన్నాయి. ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చుకుని, ఎగరొప్పుతూ, బండి చప్పుడుకు కూడా తల ఎత్తలేదు. నీళ్ళ వాసన తగలగానే కదిలాయి. సిద్దమ్మ వాటిని మీదపడనివ్వలేదు. టార్పాలిను గుంతలో పరిపించి, మరుదులను కర్రలతో అడ్డం నిలబెట్టి, ఇరవై ఇరవైగా వదిలింది. "ఒగేసారి తాగితే పొట్టలు పట్టుకొని పడతాయి, నిదానం, నిదానం" అని అరుస్తూనే ఉంది. ఓబులేసు మోసిన రెండు క్యాన్లు గొర్రెపిల్లలకు సరిపోయాయి, అవన్నీ బాగున్నాయి.

మందకు కొంచెం అవతల రెండు గొర్రెలు పడి ఉన్నాయి, అవి అప్పటికే పోయాయి. మూడోది చూలుది. సిద్దమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుని, నన్ను నోట్లో కొంచెం కొంచెంగా నీళ్ళు పోయమంది. పోశాను. రెండు గుక్కలు మింగింది. మూడో గుక్క నోటి పక్కనుంచి కారిపోయింది. ఆమె దాని కళ్ళ మీద చెయ్యి పెట్టి, లేచి మిగతావాటి దగ్గరికి పోయింది.

అన్నీ తాగి చెట్ల కిందికి చేరాక ఆమె మాకు సంగటి పెట్టింది. వద్దంటే వినలేదు. "యాడినుంచో వస్తివి, ఆకలితో పంపుతామా" అంది. నలభై ఏళ్ళలో ఎంతోమంది బండ్లు పాడుచేశాను, మళ్ళీ బాగుచేసిచ్చాను. ఇది బాగుచేసి ఇచ్చేది కాదు. ఆ బాధలో ఉన్నదున్నట్టు చెప్పేశాను. రంగు వేసింది నేనేనని, పండగ సంబరంలో పళ్ళ మీద కూడా పూశానని, దాన్ని గీకడానికే పొద్దు ఇంతైందని, మూడు గొర్రెలూ నా మూలంగానే పోయాయని చెప్పాను.

ఆమె సంగటి తీస్తున్న చెయ్యి ఆపి నా వైపు చూసింది. కోపం లేదు. ఉంటే బాగుండేది.

"రంగుదేముందిలేప్పా, పండగపూట ఎవురైనా ఏస్తారు" అంది. "పొద్దన నేను దిగొచ్చినప్పుడు, మొదటిసారి ఫోను చేసినప్పుడు అన్నా, పైటాల దాకా కాదమ్మా అని ఒగ మాట చెప్పింటే సాలు. చల్లపూటనే మందని కిందికి తోలుకొస్తుంటిని. నీళ్ళు యాడికీ పోలేదు గదా. ఆడనే, బండిలోనే ఉండె."

నేను ఐదు గంటలు బండిని గొర్రెల దగ్గరికి చేర్చడానికి కుస్తీ పట్టాను. గొర్రెలకు కాళ్ళున్నాయని నాకు తట్టలేదు. ఆమెకు తట్టింది. ఎంతసేపు పడుతుందని అడిగింది అందుకే. నా మాట మీద నమ్మకంతో ఆగిపోయింది.

"తినప్పా, ఆరిపోతాది" అని సిద్దమ్మ నా తట్టలో ఇంకాస్త పులుసు పోసింది.